ఆముదంలో కలిపిన పసుపు

లేత్ మెషీనుకి గార్డు పెట్టాలా, అక్కర్లేదా అన్న గొడవ మా ఇంట్లో వినాయక చవితి వెళ్ళాక మొదలై, కార్తీకమాసంతో ముగిసింది. మొదట్లో అది నవ్వులాటే. ఆ నవ్వులాట రోజుల్ని తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ భయం వేస్తుంది.

నర్సీపట్నం నుంచి బలిఘట్టం వెళ్ళే దారిలో మా ఇల్లు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో రెండు లేత్‌లు. ఒకదాని మీద మా ఆయన దేవుళ్లు, రెండోదాని మీద మా కోడలు శ్రీదుర్గ. మా అబ్బాయి మౌళి బజార్లో బట్టల కొట్లో పని చేస్తాడు. వాడికి ఉలి పట్టడం రాలేదు, పట్టాలని కోరికా లేదు. శ్రీదుర్గది ఏటికొప్పాక. తిరిగే అంకుడు కర్ర మీద ఉలి ఆనించి భరిణె తీయడం, దాని మీద లక్క కడ్డీ ఒత్తి రంగెక్కించడం, మొగలాకుతో రుద్ది మెరుపు తేవడం అన్నీ పుట్టింట్లోనే నేర్చుకుని వచ్చింది. ఆమె తీసిన కుంకుమ భరిణెకి మూత పెడితే ఎక్కడ అతికిందో వేలికి తెలిసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఫోను పట్టుకొచ్చి మామగారి ముందు కూర్చుంది. ఎవరో విదేశస్థుడు ముఖానికి అద్దంలాంటి తొడుగు పెట్టుకుని, మెషీనుకి ఒక మూత దింపి, దాని వెనకనుంచి కర్ర చెక్కుతున్నాడు.

"సూడండి మాఁవయ్యా. కర్ర పగిలినా మొఖానికి రాదు."

మా ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. "ఆడు కర్ర పని సేస్తన్నాడేటి, సందమావ మీదికి ఎల్తన్నాడేటి?"

నాకు నవ్వాగలేదు. శ్రీదుర్గ కూడా నవ్వింది గానీ ఫోను పక్కన పెట్టలేదు. "మన వెల్డింగు లచ్చన్నకి సూపించినాను. ఇనప చట్రం సేసి, దానికి గట్టి ప్లాస్టిక్ రేకు బిగించి ఇస్తానన్నాడు. మడత బందులు పెట్టమన్నాను. ఉలి పట్టినప్పుడు దింపుతాను, లక్క ఎక్కించినప్పుడు ఎత్తుతాను."

"లక్క ఏడెంతుందో సెయ్యికి తెలియాల. మద్దిలో అడ్డం పెడితే ఏటి తెలుస్తది? మా అయ్యకి లేదు, నాకు లేదు, నీకు కావాల్సొచ్చిందా?"

"మీ సేతుల మీద ఎన్ని మచ్చలున్నాయో లెక్కెట్టమంటారా?"

"ఇయి మచ్చలు కావే. సర్టిఫికెట్లు."

"నాకు పదో తరగతి సర్టిఫికెట్ ఉంది మాఁవయ్యా. అది సాలు."

ఆయన తుండు దులుపుకుని లేచాడు. కోపంగా కాదు. కోడలి మాటకారితనం అంటే ఆయనకి లోలోపల మురిపెం. కానీ పనిలో మాత్రం పట్టుదల. గార్డు పెట్టుకుంటే తన చేతి మీద తనకే నమ్మకం లేనట్టు అని ఆయన లెక్క. వారం పాటు రోజూ ఇదే గొడవ. చివరికి నేనే కలగజేసుకున్నాను.

"పెట్టుకోనియ్యండి. మీ మెషీనుకి కాదు గదా. ఆడపిల్ల, మొఖం మీద ఏటైనా తగిల్తే ఆళ్ళ అమ్మకి ఏటని సెప్తాం?"

"సరే, ఆ మెషీను ఆవిడది. పరదా కట్టుకుంటే కట్టుకోనీ," అన్నాడాయన.

అలా గార్డు వచ్చింది. లచ్చన్న స్వయంగా వచ్చి మెషీను తలకాయకి నాలుగు బోల్టులతో బిగించి వెళ్ళాడు. శ్రీదుర్గ దాన్ని పైకెత్తి, కిందికి దింపి, చిన్నపిల్లలా నాకు చూపించింది. "అత్తా, మీరు గాని లేకపోతే ఇది వొచ్చీది కాదు," అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మహర్నవమి నాడు మా ఇంట్లో ఆయుధపూజ. మా అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఆ పూజ నా చేతి మీదే జరుగుతుంది. ముందురోజే రెండు మెషీన్లూ కిరసనాయిలుతో కడిగించాను. ఉలులు, సుత్తి, రంపం అన్నీ పీట మీద పేర్చాను. మెషీను తలకాయకి పసుపు పూయాలంటే గార్డు అడ్డొచ్చింది. మౌళిని పిలిచి విప్పించాను. పసుపు నీళ్ళలో కలిపితే ఇనుముకి పట్టదు, ఆరగానే పొట్టులా రాలిపోతుంది. అందుకని నేను ఆముదంలో కలుపుతాను. అది నా సొంత పద్ధతి. నున్నగా, నిండుగా, అమ్మవారి బుగ్గలా ఉంటుంది. ఆ పసుపు మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టాను. కోడలి మెషీనుకి ఆ బొట్టు పడింది సరిగ్గా బోల్టు కన్నాల మధ్య.

నేను అది గమనించలేదని అబద్ధం చెప్పను. గమనించాను. బొట్టుకి అదే చక్కటి చోటు అనుకున్నాను.

దశమి సెలవు. ఏకాదశి నాడు పొద్దున్నే శ్రీదుర్గ స్పానర్ పట్టుకుని, గార్డు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. నేను అక్కడ ముగ్గు వేస్తున్నాను.

"ఆగమ్మా," అన్నాను. "పెట్టిన బొట్టు మీద ఇనుము పెట్టి బిగిస్తావేటి?"

"పక్కకి తుడిసేసి, బిగించేక మళ్ళీ పెట్టేద్దాం అత్తా."

"ఆయుధపూజ బొట్టు సేత్తో సెరపకూడదు. దానంతటది రాలాల. మా అత్తగారు సెప్పినారు."

"ఎన్నాళ్ళకి రాలుద్ది?"

"నాలుగు రోజులు. మహా అయితే ఐదు. తొందరేటి?"

ఆమె మామగారి వైపు చూసింది, ఆయనేమైనా అంటాడేమోనని. ఆయన అప్పుడే మెషీను ముందు కూర్చుంటూ, "అత్తా కోడళ్ళ మద్దికి నన్ను లాగకండి," అన్నాడు. ఆ గొంతులో ఏదో హుషారు వినిపించింది. పండగ హుషారు అనుకున్నాను.

శ్రీదుర్గ గార్డుని గోడకి ఆనించి పెట్టింది. స్విచ్చి వేసింది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదూ గడిచాయి. పౌర్ణమి వెళ్ళింది. మార్గశిరం పెళ్ళిళ్ళకి విశాఖపట్నం కొట్టువాళ్ళు భరిణెలు కావాలని తొందరపెడుతున్నారు. రోజంతా మెషీన్లు తిరుగుతూనే ఉన్నాయి. కర్రపొట్టు ఎగిరి బొట్టు మీద పడేది, ఆముదానికి అంటుకుని దాన్ని ఇంకా గట్టిపరిచేది. శ్రీదుర్గ పొద్దున్నే వచ్చి బొట్టు వైపు చూసి, "మీ బొట్టు మాఁవయ్య కన్నా మొండిది అత్తా," అనేది. నేను నవ్వేదాన్ని.

దీపావళికి రెండు రోజుల ముందు నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. లోపల ఆమె ఒక్కతే ఉంది. చేతిలో గుడ్డ. బొట్టు ముందు నిలబడి ఉంది. ఒకసారి చెయ్యి ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ గుడ్డతో ఉలులు తుడుచుకుని పనికి కూర్చుంది.

ఎంత గర్వపడ్డానో చెప్పలేను. చూశావా, ఎవరూ చూడకపోయినా నా కోడలు నా మాట దాటదు అనుకున్నాను. ఆ రాత్రి దీపం పెట్టినప్పుడు అమ్మవారికి ఆ సంగతి చెప్పుకున్నాను కూడా.

నాగుల చవితి వచ్చింది. పొద్దున్నే తలంట్లు పోసుకుని, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని నేనూ, మా ఆయనా, మౌళీ, శ్రీదుర్గా జీడితోటల దగ్గర పుట్టకి వెళ్ళాం. పాలు పోశాం. మా ఇళ్ళలో ఆ రోజు అడిగేది కళ్ళూ చెవులూ బాగుండాలనే. పుట్టమన్ను తీసి అందరి చెవులకీ నేనే పెట్టాను. శ్రీదుర్గ చెవికి పెడుతుంటే చక్కిలిగింత పుట్టి మెడ వంచేసింది. "కదలకే గుంటా, కళ్ళల్లో పడుద్ది," అన్నాను.

ఆ రోజు ఉలి పట్టకూడదని కూడా మా అత్తగారి మాటే. కానీ ఇంటికొచ్చి తిన్నాక శ్రీదుర్గ, "ఇంకో పాతిక భరిణెలు తీసేస్తే రేపు పార్సిలు ఎల్లిపోతాది అత్తా," అంటే నేను వద్దనలేదు. ఆర్డరు ఉంది మరి. ఒక మాటని అంత గట్టిగా పట్టుకుని, ఇంకో మాటని అంత తేలిగ్గా ఎలా వదిలేశానో నాకు తెలియదు. రెండూ ఒకే నోటినుంచి విన్నవే. నాకు అడ్డొచ్చినది వదిలేశాను, అడ్డురానిది పట్టుకున్నాను అని ఇప్పుడనిపిస్తుంది.

నేను పెరట్లో పాలగిన్నెలు తోముతున్నాను. మా ఆయన అరుగు మీద కునుకు తీస్తున్నాడు. షెడ్డులోంచి టప్ మని ఒక చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు, కొబ్బరికాయ కొట్టినట్టు. ఆ వెంటనే మెషీను ఆగిన చప్పుడు. స్విచ్చి ఆమే ఆపింది. తర్వాత పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, కుడి అరచేయి కుడి కంటి మీద పెట్టుకుని.

"అత్తా," అంది మెల్లగా, "ఓసారి సూడండి. ఏటైందో నాకు తెలీడం లేదు."

చెయ్యి తీసింది. నేను చూశాను. దాన్ని గురించి ఇంకేమీ రాయను.

మౌళి, మా ఆయనా ఆమెని ఆటోలో ఊళ్ళో ఆసుపత్రికి, అక్కడినుంచి అంబులెన్సులో విశాఖపట్నం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను ఇల్లు చూసుకోమన్నారు. నేను షెడ్డులోకి వెళ్ళాను. నిలువునా పగిలిన అంకుడు ముక్క ఒకటి తలుపు దగ్గర పడి ఉంది. పైకి బాగానే ఉన్న కర్ర, లోపల ఎక్కడో పగులు జీర ఉండి ఉంటుంది. మెషీను మీద నా బొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

కిరసనాయిలు సీసా తెచ్చి గుడ్డ తడిపాను. ఒక్క తుడుపు. అంతే, బొట్టూ పోయింది, పసుపూ పోయింది, కింద ఇనుము మెరిసింది. పిడుగు పడలేదు. నా చెయ్యి పడిపోలేదు. ఇరవై రెండు రోజులుగా మేమంతా దేన్ని తుడవడానికి భయపడ్డామో అది పోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

స్పానర్ వెతికి ఆ గార్డు నేనే బిగించాను. ఎందుకు బిగించానో తెలియదు. బోల్టులు వంకరగా ఎక్కాయి.

విశాఖపట్నంలో పది రోజులున్నారు. రెండోసారి ఆపరేషన్ చేశాక పెద్ద డాక్టరు మౌళిని పక్కకి పిలిచి, కన్ను ఆకారం నిలబెట్టగలిగామని, చూపు మాత్రం రాదని చెప్పాడట. మౌళి నాకు ఫోను చేసి, "అమ్మా, రాదంటమ్మా," అని అక్కడే ఆగిపోయాడు. నేను అప్పటికి నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకుని, గుడిలో డెబ్బయ్యో ఎనభయ్యో పూర్తి చేసి ఉన్నాను. మిగిలినవి కూడా చేశాను. ఆపితే ఇంకేం పోతుందోనని భయం.

శ్రీదుర్గని ఇంటికి తెచ్చిన రోజు వాళ్ళమ్మ చిట్టితల్లి కూడా వచ్చింది. కూతుర్ని లోపలి గదిలో పడుకోబెట్టి, బయటికొచ్చి నేరుగా షెడ్డులోకి నడిచింది. మెషీను మీద బిగించి ఉన్న గార్డు చూసింది. మా ఆయన అక్కడే గోడ వారగా నిలబడి ఉన్నాడు.

"ఇదేనా?" అంది. "ఇదేనా గుంట అడిగినది? నాకు ఫోన్లో సెప్పి నవ్వీది, 'మా మాఁవయ్య పరదా అంటన్నాడమ్మా' అని. కన్ను పోయేక బిగించినావా? ఎవులికి సూపిద్దామని బిగించినావు?"

మా ఆయన తల వంచుకున్నాడు.

"నీ సేతుల మీద మచ్చలుంటే నీ సేతులు కాల్సుకో. నా కూతురు మొఖం నీకేం సేసింది? కడుపున పుట్టిన పిల్లయితే ఇలగే సేసీవోడివా? పెద్దరికం కావాలా నీకు, పెద్దరికం! తూ!"

ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయన తల వంచుకునే ఉన్నాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

నేను అప్పుడు చెప్పాలి. 'వదినా, ఆయన కాదు, నేను' అంటే సరిపోయేది. నాలుగు మాటలు. నోటిదాకా వచ్చాయి. ఆవిడకి మంచినీళ్ళు తెద్దామని లోపలికి వెళ్ళాను. కుండలో గ్లాసు ముంచాను. నిండినా అక్కడే నిలబడ్డాను. బయట అరుపులు తగ్గి ఏడుపుగా మారేదాకా నిలబడ్డాను. అప్పుడు నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ తాగి, నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. "నువ్వైనా ఒక మాట సెప్పి సూసినావు గదా వదినా, నీ మాట కూడా ఇనలేదు ఆ మనిషి," అంది.

నేను ఆవిడ వీపు నిమిరాను.

మర్నాడు కార్తీక సోమవారం. వరాహ నదిలో స్నానం చేసి, తడి చీరతోనే ఇంటికొచ్చాను. మా ఆయన షెడ్డులో తన మెషీను ముందు కూర్చుని ఉన్నాడు. స్విచ్చి వెయ్యలేదు. ఉలి ఒళ్ళో ఉంది.

"నిన్న మీరెందుకు ఊరుకున్నారు?" అన్నాను. "గార్డు బిగించొద్దన్నది నేనని సెప్పొచ్చు గదా."

"నువ్వు సెప్పొచ్చు గదా."

నేను అక్కడే పొట్టులో కూర్చుండిపోయాను. ఆయన ఉలి అంచు బొటనవేలితో తడుముకుంటూ, "మా అమ్మ సెప్పినది అది కాదు," అన్నాడు.

"ఏది?"

"బొట్టు సంగతి. బొట్టు రాలేదాకా మా అమ్మ పనే సెయ్యనిచ్చీది కాదు. మా అయ్యకి కరెంటు మెషీను లేదు, సేత్తో పట్టె లాగి కర్ర తిప్పుతా పన్జేసీవోడు. ఏడాది పొడుగునా భుజాలు పడిపోయీవి. దసరాకి పసుపు నీళ్ళతో బొట్టెట్టి, అది రాలేదాకా ఎవడైనా ఉలి ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతాననీది. మూడు రోజుల్లో రాలిపోయీది. ఆ మూడు రోజులూ మా అయ్య పడుకునీవోడు. అదీ సంగతి." ఆగి, నా వైపు చూశాడు. "నువ్వు సగమే ఉంచినావు. ఆముదం పోసి ఉంచినావు."

"ఆ రోజే సెప్పకపోయారా!"

"సెప్పొచ్చు. సెప్పలేదు." ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. "నువ్వు ఆ పరదా ఒద్దన్నప్పుడు నాకు సంతోషమేసింది. నేను వారం రోజులు వాదించి ఓడిపోయినది, నువ్వు దేవుడి పేరు సెప్పి ఒక్క మాటతో గెలిసినావు. అందుకే నోరు మూసుకున్నాను. మరి ఆవిడ తిట్టినది సరైనోడినే గదా?"

ఆయన నన్ను తిట్టలేదు. ఆ తర్వాత మళ్ళీ ఆ మెషీను ముందు కూర్చున్నది కూడా నేను చూడలేదు. మిగిలిన కర్రని మంచపు కోళ్ళు చేసేవాళ్ళకి ఇచ్చేశాడు.

కార్తీక పౌర్ణమి దాటిన నాలుగో రోజు శ్రీదుర్గ లేచి, కంటికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, షెడ్డులోకి నడిచింది. వద్దని నేను అనలేకపోయాను. అనే అర్హత నాకు లేదనిపించింది. ఆమె ఒక చిన్న ముక్క తీసుకుని, సుత్తితో కొట్టి మెషీనుకి బిగించింది. రెండు దెబ్బలు పక్కకి పడ్డాయి. గార్డు దింపింది. స్విచ్చి వేసింది.

ఉలి పట్టుకున్న చెయ్యి ఎప్పటిలాగే ఉంది. కానీ కర్ర ఎంత దూరంలో ఉందో ఆ ఒక్క కన్ను చెప్పలేకపోతోంది. తగిలిందనుకున్న చోట తగల్లేదు. ఇంకొంచెం జరిపింది. ఒక్కసారిగా లోతుగా దిగింది. ముక్క ఊడి ఎగిరి, గార్డుకి టప్ మని తగిలి, కింద పడింది.

ఆమె ఉలిక్కిపడలేదు. ఆ ప్లాస్టిక్ రేకు మీద పడిన చిన్న గీతని వేలితో ముట్టుకుంది.

"బానే పన్జేస్తంది అత్తా," అంది.

స్విచ్చి ఆపి, ఉలిని తుడిచి, గూట్లో ఉన్న మిగిలిన ఉలుల పక్కన సరిగ్గా వరసలో పెట్టింది. అప్పుడు బయటికి వచ్చి మౌళితో, తనని కొన్నాళ్ళు ఏటికొప్పాకలో దింపెయ్యమని చెప్పింది. మౌళి సరేనన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని వాడు అడగలేదు, మేమూ అడగలేదు.

పోలి పాడ్యమి నాడు తెల్లారకుండానే నేను ఏటికి వెళ్ళాను. అందరిలాగే అరటి దొప్పలో ఒత్తులు వెలిగించి నీళ్ళలో వదిలాను. ఇన్నేళ్ళుగా దొప్ప వదిలి, అది వంపు తిరిగేదాకా ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. ఆ రోజు ఏం అడగాలో తోచలేదు. దేవుడు నా మీద కోపగిస్తే ఆమె కన్ను ఎందుకు తీసుకుంటాడు? కోపం లేకపోతే, ఒక్క ఐదు రోజుల్లో ఆ బొట్టు రాల్చడం ఆయనకి పెద్ద పనా? ఇలాంటివి అడగకూడదంటారు. నేను అడిగింది కూడా ఆయన్ని కాదేమో. ఆ బొట్టు నేను కలిపింది.

ఇంటికొచ్చేసరికి చిట్టితల్లి ఆటో తీసుకుని వచ్చేసి ఉంది. ఆటోలోనే కూర్చుని ఉంది, లోపలికి రాలేదు. మా ఆయన సంచులు సర్దుతున్నాడు. శ్రీదుర్గ గదిలో మంచం అంచున కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. నేను తలుపు దగ్గరగా వేసి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఆ గార్డు ఆ రోజు నేనే ఒద్దన్నాను."

"నాకు తెలీదేటి అత్తా? ఒద్దన్నది నాతోనే గదా."

"నువ్వు గుడ్డ పట్టుకుని నిలబడినప్పుడు కూడా నేను సూసినాను. ఒక్క మాట అని ఉంటే..."

"నేనూ తుడిసెయ్యొచ్చు. నా సెయ్యి, నా కన్ను. మీకు కష్టంగా ఉంటాదని ఆగినాను. దాని గురించి మీ మీద నాకేం లేదు." చెప్పు పట్టీ కోసం వెళ్ళిన ఆమె చెయ్యి ఒకసారి గాలినే పట్టుకుని, రెండోసారి దొరికించుకుంది. "మా అమ్మ మాఁవయ్యని అంతంత మాటలంటంటే మీరు మంచినీళ్ళు తెచ్చినారు. నేను ఇక్కడ పడుకుని వింటన్నాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని సూసినాను. అది మాత్రం నాకు మర్సిపోడం అవ్వట్లేదు అత్తా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను లేచి బయటికి వెళ్ళాను. ఆటో దగ్గర నిలబడ్డాను. పక్కింటివాళ్ళు కళ్ళాపి చల్లుతూ చూస్తున్నారు. వాళ్ళకి కూడా వినపడేలాగే చెప్పాను.

"వదినా, నువ్వు ఆయన్ని తిట్టినావు గానీ తప్పు ఆయనది కాదు. గార్డు విప్పించినది నేను. పూజ బొట్టు పోతాదని మళ్ళీ బిగించనివ్వనిది నేను. నువ్వొచ్చిన రోజు నోరు మూసుకున్నదీ నేనే."

చిట్టితల్లి నా మొఖంలోకి చూసింది. ఆవిడ దిగుతుందని, జుట్టు పట్టుకుంటుందని, ఆ రోజు ఆయన్ని అన్న మాటలన్నీ నన్ను అంటుందని నిలబడ్డాను. అనాలి. అంటే ఎక్కడో ఒకచోట అది అయిపోతుందనిపించింది.

ఆవిడ చూపు నన్ను దాటిపోయింది. నా వెనక మా ఆయన సంచి పట్టుకుని నిలబడి ఉంటే, ముందుకి వంగి, "అన్నయ్యా, అది ఇలగియ్యి, ఒళ్ళో పెట్టుకుంటాను," అని తీసుకుంది. శ్రీదుర్గ వచ్చి మామగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. నా కాళ్ళకీ పెట్టింది. మౌళి చెయ్యి పట్టుకుని ఎక్కించి, తనూ ఎక్కాడు. ఆటో మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఎవరైనా ఏదైనా అంటారేమోనని.